కండ్ల డబ్బా కొలువు

మా బాపు ఇంట్లో నవ్వడం నేను చూసింది తక్కువ. ఆయన కడుపుబ్బా నవ్విన సాయంత్రం ఒకటి మాత్రం బాగా గుర్తుంది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి మొఘల్‌పురాలోని మా ఇంటికి వచ్చి, ఖాకీ చొక్కా విప్పకుండానే అమ్మను కేకేసి, తన తోటి డ్రైవరు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ డ్రైవరు కిషన్‌బాగ్ మనిషి. మా బాపుతో పాటే కొలువులో చేరినవాడు. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టి తిన్న రోజులున్నాయి. ఆ ఏడు డిపోలో డ్రైవర్లందరికీ రంగుల పరీక్ష పెట్టారు. చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి ముందు పెట్టి, చుక్కల మధ్య దాగిన అంకె ఏమిటో చెప్పమంటారు. ఎరుపుకూ పచ్చకూ తేడా పట్టలేని కంటికి అంకె కనిపించదు. కిషన్‌బాగ్ డ్రైవరు ఏ పేజీ తిప్పినా "ఏం లేదు సారూ, ఉత్త చుక్కలే" అన్నాడట. ఆ రోజే ఆయన్ను స్టీరింగు ముందు నుంచి దించి, బస్సులు కడిగే షెడ్డుకు పంపారు.

"ఉత్త చుక్కలే సారూ" అని బాపు గొంతు సన్నం చేసి అన్నాడు. దండెం మీద ఆరేసిన అమ్మ చీర లాగి, "గిదేం రంగు చెప్పు భాయ్" అని తనే అడిగి, తల గోక్కుని, తనే తప్పు జవాబు చెప్పి నవ్వాడు. నవ్వి నవ్వి కండ్ల నీళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతాడు కదా. ఆ తర్వాత చాలాకాలం, ఆ మనిషి నీళ్ళ పైపు పట్టుకుని కనిపిస్తే చాలు, బాపు టమాటానో పచ్చిమిరపకాయో ఎత్తి చూపించి రంగు అడిగేవాడు. అది డిపోలో రోజువారీ వేడుక అయిపోయింది. అడిగించుకున్నవాడు జవాబు చెప్పకుండా, తల వంచుకుని చక్రాలు కడుగుతూనే ఉండేవాడట. ఇదంతా బాపే వచ్చి చెప్పేవాడు.

నేను ఇంటర్ తప్పాను. మళ్ళీ ఫీజు కట్టేది లేదన్నాడు బాపు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాలు దాటినాక కంటద్దాల దుకాణం ఒకటుండేది. దాని యజమానిని అందరూ సేఠ్ అనేవారు. ఆడవాళ్ళు అద్దాలు పెట్టించుకోవడానికి వస్తే, ముక్కు మీద ఫ్రేము సర్దడానికి, చెవుల వెనక కొలత చూడడానికి ఒక ఆడపిల్ల కావాలని ఆయన వెతుకుతుంటే, బాపే తీసుకెళ్ళి నన్ను అక్కడ నిలబెట్టాడు.

డెబ్బైల చివర్లో సేఠ్ బొంబాయి నుంచి ఒక పాత మిషను తెప్పించాడు. పరాయి దేశంలో తయారైనది. బూడిదరంగు ఇనుప డబ్బా, గుమ్మడికాయంత. ముందు వైపు నుదురు ఆనించడానికి రబ్బరు పట్టీ, దాని కింద రెండు గాజు కండ్లు. లోపల బల్బులు, తిరిగే స్లైడ్లు. స్లైడ్లలో అంకెలు, అక్షరాలు, రంగు చుక్కలు, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ ఉన్నట్టు తోచే గుండ్రాలు. పక్కన రెండు మీటలు. ఒకటి నొక్కితే కుడి వైపు దీపం ఆరుతుంది, ఇంకొకటి నొక్కితే ఎడమ వైపుది. జనం దాన్ని కండ్ల డబ్బా అన్నారు. మాకూ అదే పేరు అలవాటైంది.

సేఠ్ నాకు ఆ మీటల సంగతి నేర్పిన రోజు ఆయన ముఖం వెలిగిపోయింది.

"గోడ మీది అట్ట ఉంటది సూడు, దాన్ని అందరు మోసం చేస్తరు. అక్షరాలు బట్టీ కొడతరు. ఒక కన్ను మూసుకొమ్మంటే వేళ్ళ సందుల కెల్లి సూస్తరు. దీంట్ల గా ఆటలు సాగయి. రెండు కండ్లు తెర్సే ఉంటయి. ఏ కంటితోని సూస్తున్నడో ఆ మనిషికే తెల్వదు. మనకు తెలుస్తది."

మనిషికి తెలియనిది మనకు తెలుస్తుందన్న మాట ఆయనకు ఎంతో ఇష్టం. దుకాణంలో కూర్చుంటే వచ్చే గిరాకీ ఆయనకు చాలలేదు. డబ్బాను చెక్కపెట్టెలో పెట్టి, ఆటోలో వేసుకుని, ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి బయల్దేరాడు. పరీక్ష చేసినందుకు కంపెనీ ఇస్తుంది, తప్పినవాళ్ళు అద్దాలు ఆయన దగ్గరే కొంటారు. ఆడ కూలీలు ఎక్కువున్న చోట నేను తప్పనిసరి. కొన్నాళ్ళకు అన్ని చోట్లకూ నేనే వెళ్ళడం మొదలైంది. స్లైడు తిప్పడం, మీట నొక్కడం, జవాబు వినడం నా పని. పాసా ఫెయిలా అని చెప్పడం ఆయన పని.

నూలు మిల్లులో, తెగిన పోగు దూరం నుంచే కనిపించాలి కనుక పరీక్ష పెట్టాం. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు ఏరి పేర్చేవాళ్ళకు పెట్టాం. కూల్‌డ్రింకు ఫ్యాక్టరీలో, వెలుగుతున్న తెల్ల పలక ముందు కూర్చుని, వరసగా పోయే సీసాల్లో ఈగ ఉందా, పుల్ల ఉందా అని రోజంతా చూసే ఆడవాళ్ళకు పెట్టాం. అన్ని చోట్లా అవే స్లైడ్లు. కానీ ఏ చోటా పరీక్ష ఒకలాగా ఉండదని నాకు త్వరలోనే అర్థమైంది. ఒక మేనేజరు మనుషులను తగ్గించాలనుకుంటే సేఠ్ ఎక్కువ మందిని ఫెయిలు చేసేవాడు. ఇంకో చోట పండగ ముందు పని ఎక్కువుండి మనుషులు చాలకపోతే, గుడ్డివాళ్ళు తప్ప అందరూ పాసయ్యేవారు. మా డబ్బా ముందు నుదురు ఆనించినవాళ్ళకు మాత్రం ఈ సంగతి తెలియదు. దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడేవారు. కొందరు చెప్పులు విడిచి వచ్చేవారు.

తర్వాత బస్సు డిపో కాంట్రాక్టు వచ్చింది. మా బాపు డిపోనే.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ బాపు డిపోలో ఛాతీ ముందుకు పెట్టి తిరిగాడు. గోడ మీది అట్టను ఆయన ఏళ్ళ తరబడి గడగడా చదివి పాసైనవాడు. భయపడుతున్న డ్రైవర్లను చూసి ఆటపట్టించాడు. "మా బిడ్డనే సూస్తది. ఎవ్వన్ని ఇడ్వది. నేనే ముంగట నిలబడ్త, నా ఎనక రాండ్రి" అన్నాడట. ఆ ఉదయం ఇస్త్రీ ఖాకీ వేసుకుని, మీసం కత్తిరించుకుని, వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయన తీసుకుపోవలసిన బస్సు ఇంజను ఆన్ చేసి గేటు దగ్గర పెట్టే ఉంది. కండక్టరు మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అయిదు నిమిషాల పని అనుకున్నారు అందరూ.

"బాపూ, నుదురు ఆనించు" అన్నాను.

ఆనించాడు. మొదటి స్లైడు రెండు కండ్లకూ. అంకెలు చకచకా చదివాడు, కావాలని గట్టిగా, వెనకవాళ్ళకు వినిపించేలా. రెండోసారి కుడి దీపం ఆర్పి ఎడమ కంటికి చూపించాను. చదివాడు, కొంచెం మెల్లగా. అప్పుడు ఎడమ దీపం ఆర్పి, కుడిది వెలిగించాను.

బాపు నుదురు ఇంకొంచెం గట్టిగా ఆనించాడు.

"అంకెలు చెప్పు బాపూ."

"లైటు బందైంది బిడ్డా."

డబ్బా పక్క సందులోంచి కుడి బల్బు వెలుగు నా చేతి మీద పడుతోంది. "లైటున్నది బాపూ" అన్నాను.

"ఏడున్నదే. చీకటున్నది. బల్బు కొట్టుకపోయినట్టున్నది, జర సూడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సేఠ్ లేచి వచ్చాడు. బాపును పక్కకు జరగమని, తను తొంగి చూసి, ఆ కండక్టరును పిలిచాడు. "భాయ్, నువ్వు సూడు. లైటున్నదా?"

కండక్టరు తొంగి చూశాడు. "మస్తుగున్నది సేఠ్" అన్నాడు, ఏం జరుగుతోందో తెలియక.

"ఉస్తాద్, ఇంకోసారి సూడు" అన్నాడు సేఠ్ బాపుతో. బాపు మళ్ళీ నుదురు ఆనించాడు. ఈసారి చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆయన చేతులు డబ్బాను రెండు వైపులా గట్టిగా పట్టుకున్నాయి. డబ్బా కదిలింది.

"లైటు లేదు" అన్నాడు.

సేఠ్ వరస అంతటికీ వినబడేలా అన్నాడు: "ఉస్తాద్, లైటు డబ్బల పోలె. నీ కంట్ల పోయింది. గుడ్డి కన్నేసుకోని ఇన్ని దినాలు మమ్ములందరిని ఊరంత తిప్పినవా?"

అప్పుడు వరసంతా నవ్వింది. ఆయన ఆటపట్టించినవాళ్ళు అందరికంటే ఎక్కువ నవ్వారు. బాపు తల ఎత్తాడు. నుదుటి మీద రబ్బరు పట్టీ అచ్చు ఎర్రగా పడి ఉంది. ఆయన నన్ను చెంప మీద కొట్టాడు. నేను ఆయన కుడి వైపు నిలబడి ఉన్నాను కనుక దెబ్బ సగం గాలిలో పోయింది, చేతి వేళ్ళు మాత్రం చెవికి తగిలాయి. అది చూసి ఇంకొంచెం నవ్వారు.

"డబ్బల ఏం తిప్పినవే నువ్వు" అన్నాడు.

గేటు దగ్గరి బస్సును ఇంకో డ్రైవరు తీసుకుపోయాడు. సేఠ్ "నెక్స్ట్" అన్నాడు. నేను స్లైడు మొదటికి తిప్పాను. ఆ రోజు చీకటి పడేదాకా పని చేశాను. చెవి మండుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి బాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అమ్మ వంటగదిలోకి పిలిచి, మెల్లగా అడిగింది.

"లైటున్నదని ఎందుకన్నవే? పోయింది బాపూ అంటే సరిపోతుండె గద."

"సేఠ్ ఉన్నడు గదమ్మా. ఆయన సూడడా?"

"ఆయన సూస్తె సూడనియ్యి. నువ్వెందుకన్నవ్?"

నేను కంచం కడుక్కోవడానికి లేచాను. నేను తప్పు చేశానని మాత్రం అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ పరీక్షకు ముందు వేసవిలో పురానాపూల్ దగ్గర బాపు బస్సు కుడి పక్కన ఒక సైకిలు మనిషి నలిగి, కాలు విరిగి పడ్డాడు. బాపు కిందికి దిగి, పడి ఉన్న మనిషినే కొట్టి వచ్చి, "కండ్లు నెత్తిమీద పెట్టుకోని తొక్కుతున్నడు" అని మాకు చెప్పాడు. ఆ మాట నాకు పరీక్ష రోజు రాత్రంతా వినిపించింది. అమ్మ కూడా తర్వాత్తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. చాలా రోజులుగా ఆయన కుడి భుజం తలుపు చెక్కకు తగులుతోందట. గ్లాసులో నీళ్ళు పోస్తే బయట పోసేవాడట. ఆయనకు తెలిసి దాచాడో, ఎడమ కన్ను రెండిటి పనీ చేస్తుంటే నిజంగానే తెలియలేదో, నేను ఇప్పటికీ చెప్పలేను. వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడు కనుక తెలియదనే అనుకుంటాను.

డిపో వాళ్ళు ఆయన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. బస్సులు కడిగే షెడ్డుకు పంపారు. కిషన్‌బాగ్ మనిషి అప్పటికి అక్కడ మేస్త్రీ అయ్యాడు. మిగిలిన డ్రైవర్ల పరీక్షలు ఇంకా జరుగుతుండడం వల్ల నేను డిపోలోనే ఉన్నాను, అందుకని ఆ మొదటి రోజు చూశాను. బాపు ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడ్డాడు. మేస్త్రీ ఆయన ముందు ఒక ప్లాస్టిక్ బక్కెట్ పెట్టాడు.

"భాయ్, గిదేం రంగు?"

బాపు వంగి బక్కెట్ అందుకోబోయాడు.

"జవాబు చెప్పినంకనే పని ఇస్త. ఏం రంగు?"

"ఎర్రది."

"సరిగ్గ చెప్పినవ్. నీ కండ్లు మంచిగనే ఉన్నయి భాయ్. గా డబ్బనే ఖరాబున్నట్టున్నది."

షెడ్డు మొత్తం నవ్వింది. మేస్త్రీ ముఖంలో కోపం లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆకలితో ఉన్న మనిషి అన్నం ముందు కూర్చున్నట్టు, తీరికగా, శ్రద్ధగా ఉన్నాడు. ఆ తర్వాత ప్రతి ఉదయం అడిగాడు. కొన్నాళ్ళకు ఆయనకే విసుగు పుట్టి మానేశాడని విన్నాను. బాపు ఇంట్లో ఆ షెడ్డు గురించి ఒక్క మాట చెప్పలేదు.

నాతో మాట్లాడడమే మానేశాడు. నేను వడ్డిస్తే తినడు. నా జీతం మాత్రం అమ్మ చేతి మీదుగా తీసుకునేవాడు. డ్రైవరుకు వచ్చే బత్తాలు పోయాయి కనుక నా కొలువు ఇంటికి కావలసి వచ్చింది. ఆ కొలువు మీద ఇంట్లో ఉమ్మేవారు, దాని మీదే తినేవారు.

అమ్మ బలవంతం మీద ఆయన్ను సర్కారు కండ్ల దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు చూసి, కాలా మోతియా అన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని తినేసే జబ్బు. నొప్పి లేకుండా అంచుల నుంచి చీకటి కమ్ముకుంటూ వస్తుంది. కుడి కన్ను ఇక రాదు. ఎడమ కంటి అంచులు కూడా పోతున్నాయి, కానీ రోజూ పొద్దునా సాయంత్రం చుక్కల మందు వేస్తే మిగిలింది నిలుస్తుందన్నాడు. "పరీక్షలో బయటపడింది, అదృష్టం" అని కూడా అన్నాడు. బాపు ఆ మాట విని కుర్చీలోంచి లేచాడు.

మందు సీసాను ఇంటి ముందు మోరీలో పారేశాడు. అమ్మ ఇంకొకటి తెచ్చి గూట్లో పెట్టింది. అదీ పారేశాడు. మందు వేయించుకుంటే జబ్బు ఉన్నట్టు. జబ్బు ఉంటే ఆ రోజు లైటు వెలుగుతున్నట్టు. ఆయన లెక్క అది. "నాకేం కాలె. దాని డబ్బల లైటు లేకుండె" అని అమ్మతో అనేవాడు, నేను వింటున్నానని తెలిసి.

సేఠ్ మాత్రం ఆ ఉదయాన్ని వదల్లేదు. ఆయనకు అది దొరికిన సొత్తు. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా, డబ్బా పెట్టెలోంచి తీయకముందే, మేనేజర్ల ముందు నన్ను చూపించి మొదలుపెట్టేవాడు.

"గీ పిల్లను సూడుండ్రి సారూ. గీమె బాపు బస్సు డ్రైవరు. ఒక్క కన్ను లేకుండ బస్సు నడిపిండు. ఎవ్వలకు తెల్వలె, ఆయనకే తెల్వలె. గీ మిషిను పట్టింది. మీట నొక్కింది ఎవ్వరనుకుంటున్నరు? సొంత బిడ్డ. కన్నతండ్రిని కూడ ఇడ్వలె మా మిషిను."

మేనేజర్లు నా వైపు చూసేవారు. కొందరు నవ్వేవారు, కొందరు భేష్ అనేవారు. చోటును బట్టి సేఠ్ కథ పెంచేవాడు. మిల్లులో చెప్పినప్పుడు బస్సు ఇంకొంచెంలో మూసీలో పడేది. అచ్చాఫీసులో చెప్పినప్పుడు బాపుకు రెండు కండ్లూ లేవు. నేను పక్కన నిలబడి గాజు కండ్లను మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండేదాన్ని.

కూల్‌డ్రింకు ఫ్యాక్టరీకి రెండోసారి వెళ్ళినప్పుడు సేఠ్ ఆ కథను ఆడ కూలీల ముందే చెప్పాడు. పరీక్ష మొదలయ్యే ముందు మేనేజరు ఆయన్ను పక్కకు పిలిచి, వరసలో ఉన్న ఒకావిడను కంటితో చూపించి, "ఆమె కూసోనికి మంచి స్టూళ్ళు గావాలని లొల్లి చేస్తున్నది. అందర్ని ఎగేస్తున్నది" అన్నాడు. సేఠ్ తల ఊపాడు. ఆవిడ వంతు వచ్చినప్పుడు, నన్ను నీళ్ళు తెమ్మని పంపి, తనే మిషను దగ్గర నిలబడ్డాడు. నేను తిరిగి వచ్చేసరికి దూరం చూపును దగ్గర చూపుకు మార్చే అద్దం అడ్డం తిప్పి ఉంది. అది తిప్పి ఉంటే ఎంత మంచి కంటికైనా దూరం అక్షరాలు మసకగానే కనిపిస్తాయి.

"మసకగున్నది సారూ" అంది ఆవిడ.

"ఫెయిల్" అన్నాడు సేఠ్.

సాయంత్రం గేటు బయట ఆవిడను పట్టుకున్నాను. "అక్కా, నీ కండ్లు మంచిగనే ఉన్నయి. సర్కారు దవాఖానకు పోయి రాయించుకో. గాళ్ళు నిన్ను కావాల్నని తీస్తున్నరు" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నువ్వు మీ బాపునే ఇడ్వలె అన్నరు గద పొద్దుగాల. నాకెందుకు మేలు చేస్తవ్?" అంది. అని, పక్కనున్న ఆడవాళ్ళతో కలిసి వెళ్ళిపోయింది. వాళ్ళలో ఒకామె వెనక్కి తిరిగి నా వైపు చూసి ఉమ్మింది. ఆవిడ దవాఖానకు వెళ్ళిందో లేదో తెలియదు. తర్వాతి ఏడు వెళ్ళినప్పుడు ఆ పలక ముందు వేరే మనిషి ఉంది. స్టూళ్ళు పాతవే.

ఎనభైల మొదట్లో బాపు ఎడమ కన్ను కూడా గొట్టంలోంచి చూసినట్టు ముడుచుకుపోయి, ఒక వానాకాలంలో పూర్తిగా ఆరిపోయింది. డిపో ఇంటికి పంపేసింది. ఆయన రోజంతా అరుగు మీద కూర్చునేవాడు. ఒకప్పుడు ఆయన వస్తుంటే కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చిన అరుగు మీది మిగతావాళ్ళు ఇప్పుడు ముడుచుకునేవారు కాదు. ఆయన తగిలి పడబోతే, "సూస్కోని నడువు ఉస్తాద్" అనేవారు.

అప్పుడు సేఠ్ ఒకరోజు మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. లారీ యజమానుల పెద్ద మీటింగు ఉందట. వాళ్ళ డ్రైవర్లందరికీ కండ్ల పరీక్ష కాంట్రాక్టు ఆయనకు వచ్చేలా ఉంది. మీటింగులో బాపును స్టేజి మీద కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పుతాడట. "మీరు ఉత్తగ కూసుంటె సాలు ఉస్తాద్. మిమ్ముల సూస్తే గాళ్ళకు సమజైతది" అన్నాడు.

గుడ్డివాడిని చూపించి సరుకు అమ్ముకోవడానికి ఇంటికే వచ్చాడు. నేను వద్దనబోయాను. బాపు నాకంటే ముందు, "వస్త" అన్నాడు.

అమ్మ పాత ఖాకీ బట్టలు ఉతికి ఇస్త్రీ చేయించింది. ఆ మధ్యాహ్నం నేనే ఆయన్ను చెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కించాను. అన్నేళ్ళ తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ముందు వరసల్లో లారీ యజమానులు, వెనక గోడ దగ్గర డ్రైవర్లు నిలబడి ఉన్నారు. సేఠ్ కథంతా చెప్పాడు. మూసీ కూడా వచ్చింది. తర్వాత దండ వేసి, మైకు బాపు నోటి దగ్గర పెట్టి, "ఉస్తాద్, రెండు ముక్కలు చెప్పుండ్రి" అన్నాడు.

బాపు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు బస్సు నడిపిన. కండ్లు మంచిగుండె. గీ సేఠ్ నా ముఖాన్ని డబ్బల పెట్టిచ్చిండు. కుడి కన్ను పోయింది. తర్వాత ఎడమది పోయింది. డబ్బల సూడకముందు నాకేం కాలె, సూసినంకనే రెండు పోయినయి. మీరే సమజ్ చేసుకోండ్రి. మీ కండ్లు మీకు గావాల్నంటే గా డబ్బ మొకం సూడకుండ్రి."

వెనక నుంచి ఈలలు, చప్పట్లు. సేఠ్ మైకు లాక్కోబోయాడు, బాపు వదల్లేదు.

"నా బిడ్డ గూడ గీడనే ఉన్నది. మీట నొక్కింది గదే. బాపు గావాల్నా కొలువు గావాల్నా అంటే కొలువు గావాలె అన్నది."

హాలు మొత్తం స్టేజి మెట్ల దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. కిందికి దిగడానికి ఆయన చెయ్యి చాచాడు. ఎవరూ రాలేదు. నేనే వెళ్ళి పట్టుకున్నాను.

డ్రైవర్లు పరీక్షకు రామన్నారు. లారీ కాంట్రాక్టు పోయింది. పాతబస్తీ అంతటా, ఆ డబ్బాలో చూస్తే కండ్లు పోతాయన్న మాట పాకింది. డబ్బా పట్టే గుడ్డితనం మొదట్లోనే దొరికితే మందుకు లొంగేదని ఒక్కరికీ తెలియదు. తెలిసిన నేను చెబితే వినేవాళ్ళు లేరు. మర్నాడు సేఠ్ నన్ను దుకాణం మెట్టు ఎక్కనివ్వలేదు. "మీ ఇంటోళ్ళకు ఇజ్జత్ ఇస్తే గిదా" అన్నాడు. నా టిఫిన్ డబ్బా, చెప్పులు దుకాణం కుర్రవాడి చేత బయట పెట్టించాడు.

ఇంటికొచ్చి చెబితే బాపు, "మంచిగైంది" అన్నాడు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. అమ్మ మాత్రం కూర్చుండిపోయింది. నెల గడిచేదెలాగో ఆయన అడగలేదు. అమ్మ ముత్యాలు గుచ్చే పనికి పోయింది.

తర్వాతి ఏడు నాకు సర్కారు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పని దొరికింది. భూతద్దం కింద వెంట్రుకలాంటి తీగలను టంకం పెట్టి అతికే పని. చేర్చుకునే ముందు కండ్లు పరీక్ష చేశారు. అలాంటి డబ్బాయే, కొత్తది. నుదురు ఆనించాను. అన్నీ స్పష్టంగా కనిపించాయి. నాకు ఉద్యోగం ఇచ్చింది నా చదువు కాదు, ఆ కండ్లే. బాపు జబ్బు పిల్లలకు రావచ్చని సర్కారు దవాఖాన డాక్టరు అప్పట్లోనే అన్నాడు కనుక ఏటా వెళ్ళి ఒత్తిడి చూపించుకుంటున్నాను. ఇప్పటిదాకా ఏమీ లేదు.

బాపు ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. చివరి కాలంలో ఆయన కుడి కన్ను నొప్పి పెట్టడం మొదలైంది. చూపు లేని కన్ను, ఒత్తిడి పెరిగి, రాయిలా గట్టిపడి, తలంతా పోటు పెట్టేది. నొప్పి తగ్గడానికి చుక్కల మందు రాశారు. ఒకప్పుడు చూపు నిలబెట్టే రోజుల్లో మోరీలో పోసిన మందు లాంటిదే. ఇప్పుడు వద్దనలేదు. అమ్మకు చేతులు వణుకుతాయి కనుక నేనే వేసేదాన్ని. నేను పక్కన కూర్చోగానే మాట్లాడకుండా ముఖం పైకెత్తేవాడు. రెప్ప లాగి పట్టుకుని చుక్క వేసేదాన్ని. కారిన మందును తుడిచేదాన్ని. 

ఒక సాయంత్రం మందు వేశాక, ముఖం అలాగే పైకెత్తి ఉంచి అడిగాడు.

"ఆ దినం డిపోల లైన్ల మస్తు మంది ఉండిరా?"

"ఉండిరి బాపూ."

"అందరు నవ్విన్రా?"

ఒకరిద్దరే నవ్వారని చెప్పవచ్చు. ఆయనకు చూపు లేదు, నా ముఖం కనిపించదు. కానీ హాలులో మైకు ముందు ఆయన అన్న మాటలు నాకు గుర్తొచ్చాయి.

"అందరు నవ్విన్రు" అన్నాను.

 మందు కంటి మూల నుంచి చెవి వైపు కారింది. నేను తుడవలేదు.

"నువ్వో?"

"నేను నవ్వలె."

"నవ్వే ఉంటవు" అన్నాడు బాపు, ముఖం గోడ వైపు తిప్పుకుని.